మూడవ కళాశాల

శ్రీనివాస రామానుజన్ తన జీవితమున మూడు పర్యాయములు కళాశాలలో ప్రవేశించెను. మొదటిది ఇంటికి దగ్గరనే యున్న కుంభకోణపు ప్రభుత్వ కళాశాల. రెండవది చెన్నపట్టణములోని పచ్చయప్ప కళాశాల. ఈ రెండింటియందును అతడు పట్టము పొందలేదు సరిగదా, ఎఫ్.ఏ. పరీక్షయైనను దాటలేకపోయెను. మూడవది కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల. అచ్చటికి పోవునాటికి అతనికి 26 ఏండ్లు నిండినవి, వివాహమైనది, కొంతకాలము గుమాస్తా పనియు చేసియుండెను. అతని గణితమును గూర్చి పెద్ద గ్రంథములు వెలసినవి. 1729 అను సంఖ్య కథ మన పాఠశాలలలోని బాలురకు సైతము కంఠస్థమే కనుక దానిని మరల చెప్పను. ఇల్లు విడిచి దూరపు కళాశాలకు పోవు విద్యార్థిగా అతడెట్టివాడు, బయలుదేరుటకు ముందు దేనికి భయపడెను, దేనికి భయపడలేదు అను విషయమును మాత్రము మనము తక్కువగా విచారించితిమి.

రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన మాతామహుల ఊరైన ఈరోడులో జన్మించెను. పెరిగినది కుంభకోణములో, సారంగపాణి సన్నిధి వీధిలోని చిన్న ఇంట. తండ్రి శ్రీనివాసయ్యంగారు బట్టల కొట్టులో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయమున భజన కీర్తనలు పాడి నాలుగు డబ్బులు తెచ్చెడిది. ఇంటిలో మాట చెల్లునది ఆమెదే. బాలుడు హైస్కూలులో బహుమతులు గైకొనుచు 1904లో విద్యార్థివేతనముతో కళాశాలలో చేరెను. అంతకు కొలదికాలము ముందు అతని చేతిలో ఒక పుస్తకము పడినది. కార్ అను ఆంగ్లేయుడు పరీక్షలకు చదువువారి నిమిత్తము కూర్చిన గణిత సంగ్రహమది. సుమారు 5000 సిద్ధాంతములు అందు వరుసగా నిలిచియుండును. ఉపపత్తులు పేరునకు మాత్రమే. మంచి పాఠ్యపుస్తకమని దానిని ఎవరును అనరు. కాని ఉపపత్తి లేకపోవుటయే ఆ బాలునికి మేలైనది. ప్రతి సిద్ధాంతమును తానే సాధించుకొనవలసి వచ్చెను. ఆ పిమ్మట అతనికి వేరు చదువేదియు రుచింపలేదు.

ఆంగ్ల వ్యాసరచనలో తప్పుటచే వేతనము పోయెను. ఒక్కొక్క విడతకు 32 రూపాయలు జీతము కట్టవలెను. తండ్రి నెల సంపాదన 20 రూపాయల ప్రాంతము. కొన్నాళ్ళు ఎట్లో నడిపెను. 1905 ఆగస్టులో ఒకనాడు ఎవరికిని చెప్పక రైలెక్కి విశాఖపట్టణమునకు పోయెను! పదునేడేండ్ల అరవ బాలుడు, తెలుగు దేశపు ఊళ్ళను ఒక్కొక్కటిగా దాటుచు, కృష్ణా గోదావరులను గడచి, సముద్రతీరపు పరాయి పట్టణమున దిగెను. తల్లిదండ్రులు తల్లడిల్లి తప్పిపోయిన కుమారుని గూర్చి పత్రికలో ప్రకటింపజేసిరి. ఒక నెల గడచిన పిమ్మట అతడు ఇల్లు చేరెను. ఇది అతని మొదటి ప్రవాసము. చదువుకొరకు పోయినది కాదు, చదువునుండి పారిపోయినది. పరీక్షలో తప్పిన సిగ్గు ఒక మేధావిని సైతము ఎంతదూరము తరుమగలదో ఉపాధ్యాయులమైన మనము గుర్తుంచుకొనదగును.

మరుసటి యేడు, 1906 ఆరంభమున, అతడు రెండవ కళాశాలకు బయలుదేరెను. ఈసారి పెద్దల అనుమతితోనే. ఎగ్మూరు స్టేషనులో దిగునప్పటికి బడలిక చేతను దిక్కు తోచమి చేతను వేచియుండు గదిలోనే నిద్రపోయెనట. ఎవరో పుణ్యాత్ముడు లేపి, తన ఇంటికి గొనిపోయి అన్నము పెట్టి, పచ్చయప్ప కళాశాలకు దారి చెప్పి పంపెను. ఆ మనుష్యుని పేరు చరిత్రలో నిలువలేదు. బ్రాడ్వే ప్రాంతమున ఒక సందులో నున్న అమ్మమ్మ ఇంట రామానుజన్ బసచేసెను. ఆ కళాశాలలో గణితాధ్యాపకులు అతనిని గుర్తించిరి. సింగారవేలు మొదలియారుగారు కఠినమైన ప్రశ్నలను అతనితో కలసి సాధించుచుండిరి. రామానుజాచార్యులుగారు నల్లబల్లపై పది పంక్తులలో తేల్చిన దానిని ఈ శిష్యుడు మూడు నాలుగింటిలో తేల్చునట. గురువులకు అసూయ లేదు, ఆదరమే కలిగినది. అయినను ఆదరము పరీక్షను దాటింపలేదు. శరీరశాస్త్రమునందు అతనికి నూటికి పది మార్కులైనను రాలేదు. నడుమ రక్తగ్రహణి పట్టి కొన్ని నెలలు కుంభకోణము చేరి మంచమున నుండవలసి వచ్చెను. ఆ వ్యాధి సంగతి ముందునకు ముఖ్యము. 1906 చివరను ఒకమారు, 1907లో మరియొకమారు పరీక్షకు కూర్చుండెను. రెండుమారులును తప్పెను. గణితములో మాత్రము అతనిని మించినవాడు లేడు.

అన్ని విషయములందును ఉత్తీర్ణుడు కావలెనను నియమము దుష్టమైనదని నేననను. నూటికి తొంబదితొమ్మిదిమంది విద్యార్థులకు అది మేలు చేయునదే. ఆ నూరవవానికి నియమమునందు కిటికీ యొకటి ఉండవలెను. ఆనాటి మద్రాసు విశ్వవిద్యాలయమున అది లేకుండెను; తెరచుటకు ఇంకను ఆరేండ్లు పట్టెను.

ఆ యారేండ్లును క్లుప్తముగా చెప్పుదును. 1909 జూలైలో తల్లి అతనికి జానకి యను పదేండ్ల బాలికతో వివాహము చేసెను. కాగితమునకు డబ్బు చాలక పలకపై లెక్కలు వేయుచు, మోచేతితో తుడుచుచు, తేలిన ఫలితములను మాత్రము నోటుపుస్తకమున వ్రాసికొనుచుండెను. 1910లో ఆ నోటుపుస్తకమే చంకనిడుకొని ఉద్యోగార్థియై తిరిగెను. తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా నున్న రామస్వామయ్యరుగారు గణితజ్ఞులు. ఆ పుస్తకమును చూచి అతనిని రెవిన్యూ కార్యాలయములో పడవేయుటకు మనసొప్పక చెన్నపట్టణపు మిత్రులకు ఉత్తరములిచ్చిరి. ఆ త్రోవయే అతనిని 1910 డిసెంబరులో మన నెల్లూరికి చేర్చినది. అచ్చటి కలెక్టరు రామచంద్రరావుగారు మొదట నమ్మలేదు. రెండు మూడుమారులు మాటలాడిన పిమ్మట, తనకు తెలియని లోకమేదో ఈ చిరిగిన పంచెవాని చేతిలో నున్నదని గ్రహించిరి. ఏమి కావలెనని యడుగగా, పూటకింత కూడును, పరిశోధనకు తీరికయు చాలునని అతడు చెప్పెను. నాటినుండి కొంతకాలము నెలకు 25 రూపాయలు రావుగారి సొంత సొమ్మునుండి మనియార్డరుగా వచ్చుచుండెను. నెల్లూరివారు తమ జిల్లా చరిత్రలో ఈ సంగతిని పెద్ద అక్షరములతో వ్రాసికొనదగును.

1912 మార్చిలో పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తాపని దొరకెను. అచ్చటి పై అధికారియైన నారాయణయ్యరుగారు రాత్రులు తమ ఇంటి మేడపై అతనితో పలకలు పట్టుకొని కూర్చుండి గణితము చేయుచుండెడివారు. 1913 జనవరి 16వ తేదీన రామానుజన్ కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరము వ్రాసెను. హార్డీ ప్రత్యుత్తరము వచ్చినతోడనే చెన్నపట్టణములో గాలి మారినది. పట్టము లేనివానికి విశ్వవిద్యాలయము నెలకు 75 రూపాయల పరిశోధక వేతనమిచ్చెను. నేను చెప్పిన కిటికీ ఇదియే. రెండు పర్యాయములు తప్పించిన విశ్వవిద్యాలయమే అతనిని 1913 మే 1వ తేదీనుండి తనవానిగా లెక్కించెను.

హార్డీ అతనిని ఇంగ్లాండునకు రమ్మనెను. రామానుజన్ రాననెను. సముద్రయానము చేసిన శ్రోత్రియ వైష్ణవుని ఆ దినములలో బంధువులు పంక్తికి రానీయరు, శుభకార్యములకు పిలువరు. తల్లి ససేమిరా యనెను. హార్డీకి ఇది వింతగాను విచారముగాను తోచియుండును.

1914 జనవరిలో నెవిల్ అను పాతికేండ్ల గణితజ్ఞుడు ఉపన్యాసముల కొరకు ట్రినిటీనుండి చెన్నపట్టణమునకు వచ్చెను. ఎట్లైన రామానుజన్ మనసు మార్పవలసినదని హార్డీ అతనికి చెప్పిపంపియుండెను. నెవిల్ జంకుచునే ఆ ప్రస్తావన తెచ్చెను. వాదింపవలసిన పనియే లేకపోయెను! అప్పటికే తల్లి యొప్పుకొనియుండెను. నామక్కల్లులో వెలసిన నామగిరి దేవి ఆ యింటి యిలవేలుపు. కుమారుడు దొరల నడుమ సభలో కూర్చుండియుండగా, వానికి అడ్డు నిలువవలదని దేవి ఆజ్ఞాపించినట్లు తల్లికి స్వప్నము వచ్చెనని చెప్పుదురు. స్వప్నములను గూర్చి ఎవరి నమ్మకము వారిది. నా మట్టుకు, కుమారుని మనస్సును కొంతకాలముగా కనిపెట్టుచున్న తల్లికి అట్టి స్వప్నము రాకుండుటయే ఆశ్చర్యమనిపించును.

సమ్మతి కలిగినను సందేహములు మిగిలినవి. అవి నాలుగు. ఏ ఊరి విద్యార్థికైనను ఏ కాలమునందైనను ఉండునవే. ఖర్చునకు సొమ్మెట్లు? నా ఆంగ్లము అచ్చట చాలునా? మరల పరీక్షలు వ్రాయవలెనా? నేను తినగల తిండి దొరకునా? నెవిల్ ఒక్కొక్కదానికి సమాధానము చెప్పెను. సొమ్ము సంగతి తాము చూతుమనెను. ఆంగ్లము చాలుననెను. పరీక్షలు లేనే లేవనెను. శాకాహార నియమమును అచ్చట గౌరవింతురనెను. ఈ నాలుగింటిలో మూడవ సమాధానము విన్నప్పుడు ఆ శ్రోత హృదయమునుండి ఎంత బరువు దిగియుండునో! కుంభకోణమునుండి విశాఖపట్టణము వరకు అతనిని తరిమినది పరీక్షయే గదా.

సొమ్ము మాట నిజమే యైనది. మద్రాసు విశ్వవిద్యాలయము ఏటికి 250 పౌనుల చొప్పున వేతనమును, ప్రయాణమునకును దుస్తులకును వేరుగా ధనమును మంజూరు చేసెను. అందు ఏటికి 50 పౌనులు కుటుంబమునకు పంపునట్లు ఏర్పాటయ్యెను. ట్రినిటీ కళాశాల మరి 60 పౌనులు చేర్చెను. నెలకు 20 రూపాయలు తెచ్చెడి గుమాస్తా కుమారునికి ఇది కలలోని ధనము.

ఆ ఫిబ్రవరి మార్చి నెలలలో రామానుజన్‌ను ప్రయాణమునకు సిద్ధము చేయుట చెన్నపట్టణపు పెద్దలకందరకు ఒక పనియైనది. లిటిల్‌హైల్స్ అను ఆచార్యుడు తన మోటారు సైకిలు ప్రక్కబండిలో అతనిని కూర్చుండబెట్టుకొని దుకాణములకు త్రిప్పి కోట్లు, కంఠపట్టీలు, బూట్లు కొనిపెట్టెను. మేజోళ్ళు తొడుగుట, చాకుతోను ఫోర్కుతోను తినుట, కుర్చీలో కూర్చుండి భోజనము చేయుట కొన్ని దినములు వేరొక ఇంట అభ్యసించెను. చేయి కడుగుకొని అరటియాకు ముందు కూర్చుండి పెరిగినవానికి ఇది ఎట్టి తంటాయో ఊహింపవచ్చును. ఇనుప ముల్లుతో అన్నమెత్తుట అతనికి ఎన్నడును ఇష్టము కాలేదు. బూట్లలోని కాళ్ళు కడవరకు అతనికి పగవలెనే తోచినవి. నౌకలో శాకాహారము పెట్టవలసినదని పోర్టు ట్రస్టు అధ్యక్షుడు స్ప్రింగ్ దొరగారు నౌకా కంపెనీకి వ్రాసిరి.

పిలక సంగతి వచ్చినది. విదేశమున నలుగురిలో తిరుగవలెనన్న పిలక తీయించి క్రాపు పెట్టింపవలెనని రామచంద్రరావుగారు పట్టుబట్టిరి. ఆ రూపమును ఇంటి ఆడువారు చూడరాదని తలచి, మార్చి 14వ తేదీన తల్లిని, భార్యను రైలెక్కించి కుంభకోణమునకు పంపివేసిరి. అటుపిమ్మటనే కత్తెర వేసిరి. రామానుజన్ కన్నీరు పెట్టెనని విందుము. పిలక పోయినందుకో, తల్లి పోయినందుకో!

ఇక జానకి. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు. తననుగూడ తీసికొనిపొమ్మని ఆమె అడిగెను. వయస్సు చాలదని అత్తగారనిరి. నిన్ను కాచుకొనుచుండిన నా గణితము సాగదని భర్త చెప్పెను. ఆ ఇంట ఆమె మాటకు అంతకంటె విలువ లేకుండెను. నెవిల్‌ను అడిగిన నాలుగు సందేహములలో ఈ ఐదవది లేదు. తోడెవరు అని అతడు అడుగలేదు. అడుగవలెనని అతనికిగాని ఏర్పాట్లు చేసిన అంతమంది పెద్దలలో ఒక్కరికిగాని తోచలేదు.

1914 మార్చి 17వ తేదీ ఉదయమున నెవాసా అను నౌక చెన్నపట్టణపు రేవు విడిచెను. పెద్ద ఉద్యోగులు, ఆచార్యులు, పత్రికాధిపతులు సాగనంపవచ్చిరి. నారాయణయ్యరుగారు కోరిన కోరిక ఒక్కటే: మన పలకలు మార్చుకొందము. రామానుజన్ తన పలకను ఆయన కిచ్చి ఆయన పలకను తాను తీసికొనెను. మొదటి దినములలో కడుపు త్రిప్పి బాధపడినను క్రమముగా తేరుకొని, ఏప్రిల్ 14వ తేదీన లండను చేరెను. నెవిల్ మోటారుతో ఎదురువచ్చెను. కొలదిదినములు లండనులో నుండి కేంబ్రిడ్జి చేరి, చెస్టర్టన్ రోడ్డులోని నెవిల్ దంపతుల ఇంట దిగి, జూన్ ప్రాంతమున ట్రినిటీకి చెందిన గదులలోనికి మారెను. హార్డీ గదికి అది కొద్ది అడుగుల దూరము.

చదువు మాట చెప్పవలసిన పనిలేదు. రెండు కళాశాలలలో తప్పినవాడు ఇచ్చట 1915లో ప్రచురించిన అత్యధిక విభాజక సంఖ్యల వ్యాసమునకే 1916 మార్చిలో పట్టము పొందెను. ఒక తరగతిలో బెర్రీ అను అధ్యాపకుడు సూత్రములను సాధించుచు, ఉత్సాహముతో వెలుగుచున్న ఈ విద్యార్థి ముఖము చూచి, ఏమైన చెప్పుదువా యని యడుగగా, అతడు లేచి నల్లబల్లపై అధ్యాపకుడింకను చేరని ఫలితములను వ్రాసెను. నెవిల్ ఇచ్చిన మొదటి మూడు సమాధానములును అక్షరాల నిజమైనవి.

నాల్గవది మాటలో నిజము, జీవితములో కాదు. శాకాహారమును గౌరవించుట వేరు, దానిని వండిపెట్టుట వేరు. కళాశాల వంటశాలలో జంతువుల క్రొవ్వు తగులునను శంకతో రామానుజన్ గదిలోనే గ్యాసు పొయ్యిపై చారు, సాంబారు కాచుకొనెను. చింతపండు, పప్పులు ఇంటినుండి పొట్లములుగా రావలెను. ఆగస్టులో ప్రథమ ప్రపంచ సంగ్రామము మొదలైనది. నౌకలు తగ్గినవి, కూరగాయలు కరవైనవి. లెక్కలో పడి రాత్రియంతయు మేల్కొని, దినమునకొక పూటయో, అదియు లేకయో గడపుట అలవాటైనది.

ఆ తొలి చలికాలమున కింగ్స్ కళాశాలలో చదువుచుండిన మహలనోబిస్ అతని గదికి వచ్చెను. పిమ్మట గణాంకశాస్త్రమున పేరొందిన మహలనోబిసే ఈతడు. రామానుజన్ నిప్పుదగ్గర ముడుచుకొని కూర్చుండియుండెను. రాత్రి వెచ్చగా నిద్రపట్టుచున్నదా యని మిత్రుడు అడుగగా, ఓవరుకోటు తొడిగికొని శాలువ కప్పుకొన్నను చలి ఆగుటలేదని చెప్పెను. మిత్రుడు పడకగదిలోనికి పోయి చూచెను. మంచముపై కంబళ్ళు దండిగా నున్నవి. అవి పరుపు క్రిందికి మడచి దోపబడి, పైన దుప్పటి పరచియుండుటచే, వానిలో దూరి పండుకొనవలెనని రామానుజన్‌కు తెలియలేదు! చాకును, ఫోర్కును, కంఠపట్టీని నేర్పిన చెన్నపట్టణపు పెద్దలలో దొరల పడక ఎట్లుండునో నేర్పినవారు లేరు. పోనీ, అతడు ఎవరినైన అడిగెనా? అడుగలేదు. అన్ని నెలలు చలిలో వణకెనేగాని ప్రక్క గదివాని తలుపు తట్టలేదు. మన వసతిగృహములలో ఇట్టి బిడ్డలను ప్రతియేటను చూచుచునే యున్నాము.

మరియొక సంగతి. ఒకమారు ఒక భారతీయ మిత్రుని, అతనికి కాబోవు భార్యను భోజనమునకు పిలిచి తానే వండి వడ్డించెను. ఆమె చారు రెండుమారులు పోయించుకొని మూడవమారు వద్దనెను. కొంతసేపటికి చూడగా ఇంటివాడు కనబడలేదు. కొన్ని దినములకు ఆక్స్‌ఫర్డునుండి అయిదు పౌనులు పంపుమని తంతి వచ్చెను. తన వంటను అతిథి నిరాకరించెనను మనోవ్యథతో కట్టుగుడ్డలతో లేచిపోయెనట. చదువరులకు నవ్వు రావచ్చును. విశాఖపట్టణమునకు పారిపోయిన పదునేడేండ్ల బాలుడే ఈతడని తలచినచో నవ్వు నిలువదు.

ఇంటినుండి ఉత్తరములును తగ్గినవి. జానకి వ్రాసినవి అతనికి చేరలేదని, అతడు వ్రాసినవి ఆమెకు అందలేదని, నడుమ అత్తగారు ఆపుచుండిరని పిమ్మట తెలిసినది. 1917 వసంతమున అతడు జబ్బుపడి, ఆరోగ్యశాలనుండి ఆరోగ్యశాలకు మారుచుండెను. వైద్యులలో పలువురు క్షయ యనిరి. 1994లో యంగ్ అను వైద్యుడు ఆనాటి వ్రాతలన్నియు పరిశీలించి, అది కాలేయమునకు పాకిన అమీబా వ్యాధి యై యుండుననియు, యౌవనమున వచ్చిన గ్రహణియే దానికి మూలమై యుండుననియు అభిప్రాయపడెను. అదియే నిజమైనచో, రెండవ కళాశాలనాటి జబ్బు మూడవ కళాశాలవరకు అతనితో రహస్యముగా ప్రయాణము చేసెనన్నమాట. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము, ఆ యేటనే ట్రినిటీ ఫెలో పదవి లభించినవి. ట్రినిటీలో ఆ పదవి పొందిన భారతీయులలో అతడే ప్రథముడు. అప్పటికి దేహము శిథిలమై యుండెను.

1919 మార్చి 27వ తేదీన అతడు బొంబాయిలో ఓడ దిగెను. తల్లి ఎదురువచ్చెను. అతడు మొదట అడిగినది జానకి యెక్కడ అని. ఆమె అచ్చట లేదు. పుట్టింటనుండి పిమ్మట చెన్నపట్టణము చేరెను. మిగిలిన ఏడాదిలో ఆమెయే అతనికి వేళకు అన్నము, మందు, పాలు ఇచ్చినది. నొప్పి వచ్చినప్పుడు వేడినీటి కాపడము పెట్టినది. మంచముననే అతడు కాగితములు నింపుచుండెను. మాక్ థీటా ఫలములను గూర్చి 1920 జనవరిలో హార్డీకి వ్రాసిన కడపటి ఉత్తరము ఆ మంచమునుండి వెడలినదే. 1920 ఏప్రిల్ 26వ తేదీన చెన్నపట్టణములోని చెట్‌పట్‌లో అతడు కన్నుమూసెను. జానకి 1994 వరకు జీవించి, తిరువల్లిక్కేణిలో కుట్టుపనితో చాలకాలము గడపెను. ఆ చివరి నెలలలో భర్త తనతో పలుమారులు చెప్పిన మాటను ఆమె వృద్ధాప్యమున జ్ఞాపకము చేసికొనెడిది. ఇంగ్లాండునకు నీవు నాతో వచ్చియున్నచో నాకు ఈ జబ్బు వచ్చియుండదు గదా అని అతడు అనుచుండెనట.